నొప్పిని రంగు చూసి కొలవడం ఎక్కడ నేర్చుకుంటారు?

2016లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు మెడిసిన్ చదివే పిల్లల ముందు, రెసిడెంట్ల (చదువు అయ్యి ఆస్పత్రిలో శిక్షణ పొందుతున్న డాక్టర్ల) ముందు 15 వాక్యాలు పెట్టి ఏది నిజమో ఏది కాదో చెప్పమన్నారు. నల్లజాతివాళ్ల చర్మం తెల్లవాళ్ల చర్మం కన్నా మందం. నల్లవాళ్ల నరాల కొసలకు స్పర్శ తక్కువ. వాళ్ల రక్తం తొందరగా గడ్డకడుతుంది. ఇలాంటివన్నమాట. ఆ పదిహేనులో 11 పచ్చి అబద్ధాలు, 4 మాత్రమే నిజాలు. తెల్లజాతి విద్యార్థులు, రెసిడెంట్లు కలిపి 222 మంది జవాబులు లెక్కతీస్తే దాదాపు సగం మంది కనీసం ఒక్క అబద్ధానికైనా తలూపారు. చర్మం మందం సంగతి ఒక్కటే తీసుకుంటే మొదటి ఏడాది విద్యార్థుల్లో 40 శాతం, రెసిడెంట్లలో 25 శాతం అది నిజమే అనుకున్నారు. రెసిడెంటు అంటే శరీర నిర్మాణం అంతా చదివి, శవాన్ని కోసి, ఆ చర్మాన్ని తన చేత్తో పట్టుకుని చూసినవాడు. అలాంటివాళ్లలో కూడా నలుగురిలో ఒకరు!

"నిజం కావచ్చేమో" అని గుంజాటనగా చెప్పినవాళ్లను కూడా నమ్మినవాళ్ల కిందే వేశారు కాబట్టి ఆ సగం అనే అంకెను కాస్త జాగ్రత్తగానే తీసుకోవాలి. కానీ ఆ అధ్యయనంలో అసలు గట్టి భాగం అది కాదు. అదే విద్యార్థులకు కిడ్నీలో రాయి ఉన్న రోగి, కాలు విరిగిన రోగి అని కేసులు ఇచ్చి, నొప్పి ఎంతుంటుంది, ఏ మందు ఇస్తారు అని అడిగారు. అబద్ధాలను ఎక్కువగా నమ్మినవాళ్లు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు, మందు విషయంలోనూ తప్పు నిర్ణయాలు ఎక్కువ చేశారు. నమ్మనివాళ్ల వైద్యంలో ఆ తేడా కనిపించలేదు. అంటే ద్వేషం ఉందా లేదా అన్న ప్రశ్న పక్కన పెట్టినా సరే, బుర్రలో ఉన్న ఒక తప్పుడు సమాచారం నేరుగా మందు చీటీలోకి దిగుతోంది.

సాధారణంగా దీనికి వినిపించే వివరణ ఒకటుంది. పిల్లలు ఇంటి నుంచి, చుట్టూ ఉన్న సమాజం నుంచి పక్షపాతాలు మోసుకుని వస్తారు, కాలేజీ వాటిని కడిగేయాలి, అందుకు ఒక కోర్సు పెట్టాలి. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఈ నమ్మకాల్లో చాలావాటికి పుట్టిల్లు వైద్యశాస్త్రమే. 1851లో లూసియానాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు, బానిసలు యజమానుల దగ్గర్నుంచి పారిపోవడాన్ని ఒక జబ్బుగా ప్రకటించి దానికి గ్రీకు పేరు కూడా పెట్టాడు. నల్లవాళ్ల ఊపిరితిత్తుల శక్తి తక్కువని, పొలం పని వాళ్లకు ఆరోగ్యమని రాసినవాడూ ఆయనే. అలబామాలో మారియన్ సిమ్స్ 1840ల్లో బానిస స్త్రీల మీద మత్తు లేకుండా పదేపదే ఆపరేషన్లు చేసి స్త్రీల శస్త్రచికిత్సకు పితామహుడనిపించుకున్నాడు. ఆ స్త్రీలలో అనార్కా, బెట్సీ, లూసీ అనే ముగ్గురి పేర్లే మిగిలాయి. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఆయన విగ్రహాన్ని తీసింది 2018లో. అలబామాలోనే టస్కీగీ అనే ఊరి సంగతి చాలామందికి తెలిసిందే. 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి మగవాళ్లను, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా, వైద్యం చేయకుండా ఊరికే చూస్తూ కూర్చున్నారు. ప్రభుత్వ వైద్యులే. ఈ చరిత్రంతా ఒక గంట లెక్చర్‌లో చెప్పి, ఇవన్నీ పాతకాలపు పాపాలు అన్నట్టు ముగించేస్తారు. అక్కడే పొరపాటు జరుగుతుంది, ఎందుకంటే తరవాతి గంటలో అదే విద్యార్థి నేర్చుకునే సూత్రాల్లో ఆ పాత భావమే కొత్త చొక్కా వేసుకుని కూర్చుని ఉంటుంది.

ఉదాహరణకు కిడ్నీ లెక్క. రక్తంలో క్రియాటినిన్ (కండల నుంచి వచ్చే వ్యర్థం) ఎంతుందో చూసి కిడ్నీలు ఏ మేరకు వడపోస్తున్నాయో అంచనా వేసే అంకెను ఈజీఎఫ్ఆర్ అంటారు. 1999లో వచ్చిన సూత్రాన్ని ఆ తరవాత కుదించి వాడుకలోకి తెచ్చిన రూపంలో, రోగి నల్లజాతి అయితే వచ్చిన అంకెను 1.212తో హెచ్చవేయాలి. 2009లో వచ్చిన మెరుగైన సూత్రంలో 1.159తో. అదే వయసు, అదే రక్తం, అదే క్రియాటినిన్, కానీ ఫారంలో టిక్ పడిన గడిని బట్టి ఒకరి కిడ్నీలు 16 నుంచి 21 శాతం మెరుగ్గా పనిచేస్తున్నట్టు కాగితం చెబుతుంది. అధ్యయనంలో పాల్గొన్న నల్లజాతివాళ్లలో సగటున క్రియాటినిన్ ఎక్కువగా కనిపించిందని, వాళ్లకు కండ ఎక్కువ ఉంటుంది కాబట్టి కావచ్చని అప్పుడు చెప్పిన కారణం. సగటును పట్టుకొచ్చి ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి అంటించడం అన్నమాట. తండ్రి నల్లజాతి, తల్లి తెల్లజాతి అయిన రోగికి ఏ గడిలో టిక్ పెట్టాలో ఆ సూత్రం చెప్పదు. ఇదేదో పరీక్ష కాగితం మీది గొడవ అనుకోవడానికి లేదు. అమెరికాలో డయాలసిస్ ఇంకా మొదలుపెట్టని రోగికి కిడ్నీ మార్పిడి క్యూలో కాలం లెక్క మొదలవ్వాలంటే ఆ అంకె 20కి దిగాలి. అంకె కృత్రిమంగా పైన ఉంటే క్యూలో నిలబడటమే ఆలస్యం.

ఈ సూత్రాన్ని ముందుగా గట్టిగా ప్రశ్నించినవాళ్లలో విద్యార్థులు చాలామంది ఉన్నారు. క్లాసులో "ఎందుకు హెచ్చవేయాలి" అని అడిగి, సరైన జవాబు రాక, పిటిషన్లు పెట్టి, అధ్యాపకులతో వాదించి మరీ కొన్ని ఆస్పత్రుల్లో దాన్ని తీయించారు. 2021లో అమెరికా కిడ్నీ నిపుణుల సంఘం, నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ కలిసి జాతి ప్రస్తావన లేని సూత్రాన్నే అంతటా వాడాలన్నాయి. 2023లో పాత లెక్క వల్ల వెనకబడిన నల్లజాతి రోగుల నిరీక్షణ కాలాన్ని సరిచేయడం కూడా మొదలైంది. జాతి దృక్పథాల గురించి మాట్లాడేటప్పుడు విద్యార్థులను ఎప్పుడూ సరిదిద్దాల్సిన వాళ్లుగానే చూపిస్తారు గానీ, ఇక్కడ పాఠాన్ని సరిదిద్దింది వాళ్లు.

ఊపిరి పరీక్షదీ ఇదే వరస. స్పైరోమీటర్ యంత్రంలోనే నల్లజాతివాళ్లకు సుమారు 10 నుంచి 15 శాతం, ఆసియావాళ్లకు 4 నుంచి 6 శాతం తక్కువ ఊపిరిని "మామూలు" కింద లెక్కేసే సర్దుబాటు ఉండేది. కార్ట్‌రైట్ చెప్పిన మాటకు దీనికి ఉన్న చుట్టరికం చరిత్రకారులు వివరంగానే తవ్వి తీశారు. అమెరికన్ థొరాసిక్ సొసైటీ దీన్ని వదిలేయమని చెప్పింది 2023లో.

ఇక పరీక్షల తయారీ. అమెరికాలో లైసెన్సు పరీక్షకు చదివే విద్యార్థికి ప్రశ్న మొదటి వాక్యమే సగం జవాబు. "28 ఏళ్ల ఆఫ్రికన్ అమెరికన్ మహిళ, దగ్గు" అనగానే సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లాంటి చోట్ల చిన్న గడ్డలు కట్టే జబ్బు). తెల్లజాతి పసివాడికి దగ్గు, బరువు పెరగడం లేదు అంటే సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులను, జీర్ణవ్యవస్థను దెబ్బతీసే జన్యు వ్యాధి). నల్లజాతి యువకుడికి ఒళ్లు నొప్పులంటే సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జన్యు వ్యాధి). ఇలా వేలకొద్దీ ప్రశ్నలు చేసీ చేసీ చేతికి అలవాటు పడిపోతుంది. నిజానికి సికిల్ సెల్ జన్యువు చర్మం రంగును బట్టి తిరగదు, మలేరియా ఉన్న చోటును బట్టి తిరుగుతుంది. అది మధ్య భారతంలో ఆదివాసీ ప్రాంతాల్లో ఉంది, సౌదీలో ఉంది, గ్రీసులో ఉంది. ఆఫ్రికాలోనే మలేరియా లేని దక్షిణ కొసన చాలా అరుదు. మనుషుల మధ్య జన్యుపరమైన తేడాల్లో 85 శాతం దాకా ఒకే జనసమూహం లోపలే ఉంటాయని రిచర్డ్ లెవొంటిన్ 1972లోనే లెక్కగట్టాడు. అయినా ప్రశ్నపత్రానికి జాతి అనేది ఒక సులువైన దగ్గరదారి. ఆ దారిన నడిచినవాడికి మార్కులు పడతాయి, అదే దారి వార్డులోనూ కనిపిస్తుంది, సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న నల్లజాతి పిల్లవాడికి జబ్బు పేరు తేలడానికి ఎక్కువ కాలం పట్టొచ్చు.

దృక్పథం సంగతి అలా ఉంచితే, తెలియకపోవడం అనేది కూడా ఒకటుంది. దాన్ని పక్షపాతం ఖాతాలో వేసి నీతిబోధ చేస్తే లాభం లేదు. ఎర్రబడటం, కమిలిపోవడం, పెదాలు నీలంగా మారడం, పసిపిల్లల్లో కామెర్లు, ఇవన్నీ నల్లని చర్మం మీద వేరేలా కనిపిస్తాయి. పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు చాలావరకు తెల్ల చర్మం మీదివే. లండన్‌లోని సెయింట్ జార్జెస్‌లో చదువుతున్న మలోన్ ముకువెండే అనే విద్యార్థి "మరి నా లాంటి చర్మం మీద ఇదెలా ఉంటుంది" అని అడిగి అడిగి, చివరికి 2020లో ఇద్దరు అధ్యాపకులతో కలిసి ఆ బొమ్మల చేతిపుస్తకం తనే తయారుచేశాడు. అదే ఏడాది డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు పల్స్ ఆక్సీమీటర్ గురించి బయటపెట్టిన లెక్క ఇంకా ఇబ్బందికరం. వేలికి పెట్టిన యంత్రం 92 నుంచి 96 శాతం చూపిస్తుండగా ధమని రక్తంలో అసలు ఆక్సిజన్ 88 కన్నా కింద ఉండటం తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం సార్లు జరిగితే నల్లజాతి రోగుల్లో 11.7 శాతం సార్లు జరిగింది. కోవిడ్ కాలంలో ఎవరికి బెడ్ ఇవ్వాలో ఎవర్ని ఇంటికి పంపాలో చాలా చోట్ల ఆ అంకెను చూసే నిర్ణయించారు. ఇక్కడ నర్సింగ్ విద్యార్థిని మనసు ఎంత మంచిదైనా ఒరిగేది లేదు, యంత్రం ఎక్కడ పొరబడుతుందో ఆమెకు ఎవరో ఒకరు చెప్పి ఉండాలి.

కల్చరల్ కాంపిటెన్స్, అంటే రోగి సంస్కృతిని అర్థం చేసుకుని వైద్యం చేసే సామర్థ్యం, అనే మాట ఈ మొత్తానికి మందుగా వచ్చింది. నర్సింగ్‌లో దీని మూలాలు పాతవి. మెడెలిన్ లైనింజర్ అనే నర్సు మానవశాస్త్రం కూడా చదివి, రోగి సంస్కృతిని తెలుసుకోకుండా సంరక్షణ పూర్తి కాదని 1960ల నుంచే రాస్తూ వచ్చారు. 1989లో టెర్రీ క్రాస్, ఆయన సహచరులు ఆ మాటకు ఒక రూపం ఇచ్చారు. అందులో సంస్థలు, విధానాలు కూడా మారాలన్న భాగం బలంగా ఉంది, అది తరవాత ఎక్కడో జారిపోయింది. 2000 నాటికి అమెరికాలో వైద్య కళాశాలల గుర్తింపు నిబంధనల్లోకి ఎక్కింది. ఆదాయం, బీమా సమానంగా ఉన్నా మైనారిటీలకు తక్కువ స్థాయి వైద్యం అందుతోందని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2000ల మొదట్లో ఇచ్చిన పెద్ద నివేదికతో దీనికి ఇంకా ఊపు వచ్చింది. నర్సింగ్, డెంటల్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, అన్నిట్లోనూ ఏదో ఒక రూపంలో ఈ కోర్సు పెట్టారు.

కోర్సు అన్నాక సిలబస్ ఉండాలి, సిలబస్ అన్నాక పరీక్షలో అడగడానికి వీలుండాలి. అందుకని సంస్కృతి కాస్తా పట్టికగా మారింది. ఫలానా వాళ్లు కళ్లలోకి చూడరు, ఫలానా వాళ్లు కుటుంబ పెద్దనడిగి గానీ సంతకం పెట్టరు, ఫలానా వాళ్లు నొప్పిని దాచుకుంటారు. 2017లో పియర్సన్ సంస్థ నర్సింగ్ పాఠ్యపుస్తకంలోని ఒక పేజీ బయటికొచ్చి పెద్ద గొడవైంది. ఏ జాతివాళ్లు, ఏ మతంవాళ్లు నొప్పికి ఎలా స్పందిస్తారో ఒక్కొక్కరికి కొన్నేసి వాక్యాలు రాసిపెట్టారు అందులో. యూదులు గట్టిగా అరిచి డిమాండ్ చేస్తారట, నల్లవాళ్లు మిగతావాళ్లకన్నా నొప్పి ఎక్కువ చెబుతారట. సంస్థ క్షమాపణ చెప్పి ఆ పేజీ తీసేసింది. కానీ గమనించాల్సిందేంటంటే ఆ పేజీ రాసినవాళ్లు జాత్యహంకారం నేర్పుదామని రాయలేదు, కల్చరల్ కాంపిటెన్స్ నేర్పుదామనే రాశారు.

ఈ ప్రమాదాన్ని దాదాపు ఇరవై ఏళ్ల ముందే ఇద్దరు డాక్టర్లు చెప్పారు. మెలనీ టెర్వలోన్, జాన్ మర్రే-గార్సియా 1998లో రాసిన వ్యాసంలో ఒక సంఘటన ఉంది. ఆపరేషన్ అయిన కొన్ని గంటలకు ఒక లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న, హిస్పానిక్ అని కూడా అంటారు) మహిళ మంచం మీద మూలుగుతోంది. అటు వచ్చిన లాటినో డాక్టరు, ఈమెకు నొప్పి బాగా ఉన్నట్టుందే అన్నాడు. పక్కనున్న ఆఫ్రికన్ అమెరికన్ నర్సు కొట్టిపారేసింది. నర్సింగ్ స్కూల్లో తాను ఈ సంస్కృతుల కోర్సు చేశానని, హిస్పానిక్ రోగులు నొప్పిని ఎక్కువ చేసి చూపిస్తారని తనకు తెలుసని చెప్పింది. ఆ జాతికే చెందిన డాక్టరు ఎదురుగా నిలబడి చెబుతున్నా వినలేదు. ఆమె అహంకారి కాదు, మొద్దు కాదు, స్వయంగా మైనారిటీ మనిషే. క్లాసులో చెప్పింది శ్రద్ధగా నేర్చుకుంది, అంతే. ఈ కథ చదివాక "కోర్సుల సంఖ్య పెంచుదాం" అనే మాట అంత అమాయకంగా వినిపించదు. అందుకే వాళ్లిద్దరూ సామర్థ్యం అనే మాట బదులు వినయం అనే మాట వాడదామన్నారు, అంటే చదివేసి పాసయ్యే విషయంగా కాకుండా జీవితాంతం సాగే అలవాటుగా.

సంస్కృతి మీద మోజు ఇంకో రకంగానూ దెబ్బతీస్తుంది. ఆర్థర్ క్లైన్‌మన్, పీటర్ బెన్సన్ 2006లో రాసిన ఒక కేసులో కాలిఫోర్నియాలో ఉన్న మెక్సికన్ తండ్రి హెచ్ఐవీ ఉన్న తన నాలుగేళ్ల కొడుకును క్లినిక్‌కు సరిగ్గా తీసుకురావడం లేదు. భార్య అంతకు ఏడాది ముందే ఎయిడ్స్‌తో పోయింది, ఆయనకూ హెచ్ఐవీ ఉంది. డాక్టర్లు ఇదేదో సాంస్కృతిక సమస్య, జబ్బు గురించి వాళ్ల నమ్మకాలు వేరేమో అనుకుని ఒక మానవశాస్త్రవేత్తను పిలిపించారు. తీరా మాట్లాడితే ఆయనకు హెచ్ఐవీ గురించి, మందుల గురించి బాగానే తెలుసు. చాలా తక్కువ జీతానికి బస్సు నడుపుతాడు, తరచూ రాత్రి డ్యూటీలు, పిల్లవాణ్ణి డాక్టర్లు చెప్పినన్నిసార్లు తీసుకురావడానికి టైం లేదు. పరాయి సంస్కృతి అని వెతకడం మొదలుపెట్టినవాళ్లకు జీతం, షిఫ్టు కనిపించకుండా పోయాయి. ఇలాంటి వాటిని చూసే జోనథన్ మెట్జెల్, హెలెనా హాన్సెన్ 2014లో ఇల్లు, జీతం, బస్సు సౌకర్యం, బీమా లాంటి నిర్మాణాలను చదవడం విద్యార్థులకు నేర్పాలని ప్రతిపాదించారు. మంచి సూచనే, దాన్ని కూడా మళ్లీ ఒక పట్టికగా మార్చేయకుండా ఉంటే.

మరి విద్యార్థులు మారారో లేదో ఎలా తెలుస్తుంది? చాలా కాలేజీల్లో కోర్సుకు ముందు ఒక ప్రశ్నావళి, తరవాత ఒక ప్రశ్నావళి. "భిన్న సంస్కృతుల రోగులతో నేను సౌకర్యంగా మాట్లాడగలను" లాంటి వాక్యాలకు మార్కులు వేసుకోవాలి. వేసుకునేది విద్యార్థే. కోర్సు తరవాత మార్కులు పెరుగుతాయి, నివేదికలో గ్రాఫు పైకి వెళుతుంది, అందరూ సంతోషం. ఏ జవాబు రాస్తే టీచరుకు నచ్చుతుందో అప్పటికి తెలిసిపోయి ఉంటుంది మరి. పైగా బాగా నేర్చుకున్న విద్యార్థికి తనకెంత తెలియదో అప్పుడే అర్థమై మార్కులు తగ్గించుకునే అవకాశమూ ఉంది, అది గ్రాఫులో వైఫల్యంగా కనిపిస్తుంది. దృక్పథాలను కొలవడానికి హెలెన్ నెవిల్, ఆమె సహచరులు 2000లో చేసిన 20 వాక్యాల స్కేలు ఒకటి బాగా వాడుకలో ఉంది. జాతి వల్ల వచ్చే వెసులుబాట్లు, సంస్థల్లో వివక్ష అసలున్నాయని విద్యార్థి గుర్తిస్తాడా లేదా అని అది చూస్తుంది. "నాకు రంగు కనపడదు, అందరినీ ఒకేలా చూస్తాను" అనే విద్యార్థి అందులో ఇరుక్కుంటాడు. అతను మంచివాడే కావచ్చు. రంగు కనపడదనుకునేవాడు ఆక్సీమీటర్ అంకెను ఎప్పుడు అనుమానించాలో కూడా చూడడు, అదీ ఇబ్బంది.

మాటల్లో దాచుకోవచ్చు కాబట్టి దాచుకోలేని పరీక్షగా 1998లో ఐఏటీ (ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్) వచ్చింది. కంప్యూటర్ తెరమీద ముఖాలు, మంచి చెడు మాటలు జతచేసే వేగాన్ని బట్టి మనసు ఎటు మొగ్గుతోందో చెప్పే పరీక్ష అది. జాన్స్ హాప్కిన్స్ మొదటి ఏడాది వైద్య విద్యార్థులతో చేయించి 2011లో ప్రకటించిన ఫలితాల్లో 69 శాతం మందికి తెల్లవాళ్ల వైపు మొగ్గు కనిపించింది. వార్తల్లో ఆ అంకె బాగా తిరిగింది. అదే పత్రంలో ఉన్న రెండో ఫలితం అంతగా తిరగలేదు. కాగితం మీద ఇచ్చిన కేసుల్లో ఆ విద్యార్థుల నిర్ణయాలకు ఆ మొగ్గుకు సంబంధం ఏమీ కనపడలేదు. ఐఏటీ ఒకే మనిషికి రెండుసార్లు పెడితే మార్కులు అంత నిలకడగా ఉండవు కూడా. 2016లో వచ్చిన ఒక పెద్ద ప్రయోగంలో ఈ మొగ్గును అప్పటికప్పుడు తగ్గించే 9 పద్ధతులను ఆరువేల మందికి పైగా మీద పరీక్షిస్తే, కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల్లోపే వాటి ప్రభావం అంతా ఆవిరైపోయింది. కాలిఫోర్నియా, మిషిగన్ లాంటి రాష్ట్రాలు డాక్టర్లకు, నర్సులకు ఈ శిక్షణను తప్పనిసరి చేశాయి. ఒకసారి కూర్చుని వీడియో చూసి సర్టిఫికెట్ తీసుకునే శిక్షణ నుంచి ఏం ఆశించవచ్చో ఈ ఫలితం చూస్తే తెలుస్తుంది.

అలాగని విద్యార్థుల దృక్పథం మారదని కాదు. మారుతుంది, క్లాసు బయట. 49 అమెరికా వైద్య కళాశాలల్లో 3,547 మంది విద్యార్థులను మొదటి ఏడాది నుంచి చివరి ఏడాది దాకా వెంబడించిన ఒక అధ్యయనం 2015లో వచ్చింది, మిషెల్ వాన్ రిన్ బృందానిది. నల్లజాతి రోగుల గురించి సీనియర్ డాక్టర్లు, రెసిడెంట్లు చులకనగా మాట్లాడటం విన్న విద్యార్థుల్లో మొగ్గు పెరిగింది. నల్లజాతి డాక్టర్లతో మంచి అనుభవాలు ఉన్నవాళ్లతో పోలిస్తే చేదు అనుభవాలు ఉన్నవాళ్లలోనూ పెరిగింది. ఆ విద్యార్థులే రెసిడెంట్లయ్యాక చూసినా, ఎన్ని గంటల శిక్షణ తీసుకున్నారన్న దానికన్నా నల్లజాతివాళ్లతో ఎలాంటి పరిచయాలు ఏర్పడ్డాయన్నదే ఎక్కువ తేడా చూపింది. రౌండ్స్‌లో ఒక పెద్ద డాక్టరు నవ్వుతూ అన్న ఒక మాట పది పవర్‌పాయింట్లను తుడిచేస్తుంది. వైద్యవిద్య మీద రాసేవాళ్లు దీన్ని రహస్య సిలబస్ అంటారు, నిజానికి అందులో రహస్యం ఏమీ లేదు, అందరూ వింటూనే ఉంటారు.

కేస్ షీట్ కూడా ఒక గురువే. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2018లో ఒక పని చేశారు. విపరీతమైన నొప్పితో వచ్చిన సికిల్ సెల్ రోగి గురించి ఒకే వైద్య సమాచారంతో రెండు రకాల నోట్స్ రాసి, 400 మందికి పైగా విద్యార్థులకు, రెసిడెంట్లకు చెరొకటి ఇచ్చారు. ఒకదాంట్లో మాటలు మామూలుగా ఉన్నాయి. రెండోదాంట్లో రోగి చెప్పింది నమ్మశక్యం కాదన్నట్టు, మత్తుమందు కోసమే గొడవ చేస్తున్నాడన్నట్టు ధ్వనించే మాటలు. రెండోది చదివినవాళ్లకు రోగి మీద చులకన కలిగింది, నొప్పి మందు కూడా తక్కువ ఇవ్వాలనుకున్నారు. షికాగోలో 2022లో నిజం కేస్ షీట్లను కంప్యూటర్‌తో జల్లెడ పట్టి చూస్తే, "మాట వినడు", "దురుసుగా ఉన్నాడు" లాంటి మాటలు నల్లజాతి రోగుల నోట్స్‌లో ఉండే అవకాశం తెల్లవాళ్లతో పోలిస్తే రెండున్నర రెట్లు. అంటే పొద్దున్నే వార్డుకొచ్చే విద్యార్థి రోగి ముఖం చూసేలోపే రోగి గురించి ఒక అభిప్రాయాన్ని చదివేస్తాడు. మందు విషయంలో అతని చేతికి అధికారం రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది గానీ, అలవాటు మాత్రం అప్పుడే మొదలవుతుంది.

క్లాసులో పక్కన ఎవరు కూర్చుంటారన్నది కూడా ఈ చదువులో భాగమే కాబట్టి సీట్ల లెక్క చూడక తప్పదు. 1910లో ఏబ్రహాం ఫ్లెక్స్‌నర్ వైద్య కళాశాలల ప్రమాణాల మీద ఇచ్చిన నివేదిక తరవాత అమెరికాలో ఉన్న ఏడు నల్లజాతి వైద్య కళాశాలల్లో ఐదు మూతబడ్డాయి, హోవర్డ్, మెహారీ మిగిలాయి. ఆ దెబ్బ నుంచి సంఖ్యలు ఎప్పటికీ పూర్తిగా కోలుకోలేదు. 1978లో వైద్య కళాశాలల్లో చేరిన నల్లజాతి మగపిల్లలు 542 మంది, 2014లో 515. ముప్ఫై ఆరేళ్లలో దేశం జనాభా అంత పెరిగినా ఈ అంకె వెనక్కే నడిచింది. ఒకే జాతి డాక్టరు ఉంటే రోగికి మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు కాస్త చిక్కుగానే ఉంది. ఓక్లాండ్‌లో జరిగిన ప్రయోగంలో నల్లజాతి డాక్టరు ఎదురుపడినప్పుడు నల్లజాతి మగవాళ్లు షుగర్, కొలెస్టరాల్ పరీక్షలకు ఎక్కువగా ఒప్పుకున్నారు. నల్లజాతి డాక్టరు చూస్తే నల్లజాతి పసిపిల్లల మరణాలు తగ్గుతాయని 2020లో వచ్చిన ప్రసిద్ధ ఫలితం మాత్రం, పుట్టినప్పుడు బరువు మరీ తక్కువున్న పిల్లల్ని సరిగ్గా లెక్కలోకి తీసుకుంటే నిలబడదని 2024లో ఇంకో పత్రం చూపించింది. మంచి కారణం కోసం వాడే అంకెలను కూడా అంతే గట్టిగా పరీక్షించాలి. లేకపోతే ఒక అంకె కూలినప్పుడు దాంతోపాటు మొత్తం వాదననే చెత్తబుట్టలో వేయడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు.

అలాంటి వాతావరణం ఇప్పుడు నిజంగానే ఉంది. 2023లో అమెరికా సుప్రీంకోర్టు కాలేజీ ప్రవేశాల్లో జాతిని చూడటం కుదరదంది. 2025లో వైద్య కళాశాలలకు గుర్తింపునిచ్చే సంస్థ వైవిధ్యం గురించిన నిబంధనను తీసేసింది. కోర్సు పేర్లు మారుతున్నాయి, కొన్ని కోర్సులు ఎత్తేస్తున్నారు. పట్టికలు బట్టీ పట్టించే కోర్సు పోతే పెద్ద నష్టమేమీ లేదు. కానీ ప్రసవ సమయంలో, ఆ తరవాత చనిపోయే తల్లులు 2023లో లక్ష జననాలకు తెల్లజాతిలో 14.5 అయితే నల్లజాతిలో 50.3. కోర్సు పేరు ఏది పెట్టినా విద్యార్థి వెళ్లి పనిచేయాల్సింది ఆ లెక్కలున్న ఆస్పత్రిలోనే.

పనికొచ్చే పాఠాలు చాలావరకు చిన్నవి, వాటికి గొప్ప పేర్లు కూడా అక్కర్లేదు. క్లైన్‌మన్ 1978లోనే రోగిని అడగాల్సిన కొన్ని ప్రశ్నలు రాసిచ్చాడు. ఈ జబ్బు ఎందుకొచ్చిందనుకుంటున్నారు, దీంట్లో మీకు బాగా భయం వేసేదేంటి, ఈ వైద్యం వల్ల ఏం జరగాలని ఆశిస్తున్నారు. వీటికి ఏ జాతి పట్టికా అవసరం లేదు, తెల్లజాతి రోగినీ అడగొచ్చు, అడగాలి కూడా. భాష రాని రోగి వస్తే శిక్షణ ఉన్న దుబాసీని పిలవడం, పక్కనున్న పిల్లవాణ్ణి అనువాదానికి వాడకపోవడం, ఫోన్ లైన్ నంబరు ఎక్కడుందో తెలిసి ఉండటం. పిల్లల వైద్యంలో రికార్డు చేసిన 13 సంభాషణలను 2003లో పరిశీలిస్తే ఒక్కో దాంట్లో సగటున 31 అనువాద తప్పులు దొర్లాయి. చాలావరకు వైద్యాన్నే దెబ్బతీయగలిగేవి. ఇవి నేర్పొచ్చు, పరీక్షించొచ్చు, విద్యార్థి చేస్తున్నాడో లేదో పక్కన నిలబడి చూడొచ్చు.

అన్నిటికన్నా గట్టి పాఠం ఆస్పత్రి సొంత రికార్డుల్లో ఉంది. నాక్స్ టాడ్ అనే ఎమర్జెన్సీ డాక్టరు 1993లో లాస్ ఏంజిలిస్‌లో చేసిన పని చాలా మామూలుది. చేతి ఎముకో కాలి ఎముకో విరిగి వచ్చినవాళ్ల కాగితాలు తీసి, నొప్పి మందు ఎవరికి ఇచ్చారో చూశాడు. ఏ మందూ అందనివాళ్లు తెల్లజాతిలో 26 శాతం, హిస్పానిక్ రోగుల్లో 55 శాతం. భాష అడ్డమేమో, డాక్టర్లకు వాళ్ల నొప్పి అర్థం కాలేదేమో అని మరుసటి ఏడాది మళ్లీ చూస్తే, రోగులు చెప్పిన నొప్పిని డాక్టర్లు రెండు గుంపుల్లోనూ ఒకే స్థాయిలో పసిగట్టారు. అట్లాంటాలో ఆయనే చేసి 2000లో ప్రకటించిన లెక్కలో నొప్పి మందు అందినవాళ్లు తెల్లజాతిలో 74 శాతం, నల్లజాతిలో 57 శాతం. విద్యార్థి మనసులో ఏముందో కొలిచే ప్రశ్నావళి బదులు, ఆ విద్యార్థి తిరిగే వార్డులో పోయిన మూడు నెలల్లో ఎముక విరిగి వచ్చిన ప్రతి రోగికీ మొదటి డోసు ఎన్ని నిమిషాలకు పడిందో జాతులవారీగా తీసి గోడకు అంటించడానికి కొత్త స్కేలు, కొత్త కోర్సు ఏదీ అవసరం లేదు. సమయం, మందు పేరు, డోసు, అన్నీ ఇప్పటికే కంప్యూటర్‌లో నమోదవుతున్నాయి. ఆ కాగితం కింద వచ్చే నెల అంకె విద్యార్థులే రాయొచ్చు.